హైవే పక్కన నిలబడ్డ నియాన్ బోర్డు గారికి

గౌరవనీయులైన బోర్డు గారూ,

అమెరికాలో పాత రోడ్డు పక్క హోటళ్ళ నెత్తిన నిలబడి, ఒక అక్షరం వెలుగుతూ, పక్కది మినుకుమంటూ, ఇంకొకటి పూర్తిగా ఆరిపోయి మీరు పడుతున్న అవస్థ చూసి రాస్తున్నాను. ముందుగా అభినందనలు. మీరిప్పుడు వారసత్వ సంపద అట. మొన్నటిదాకా మిమ్మల్ని ఏమేం అన్నారో మీకు గుర్తుండే ఉంటుంది.

1965లో హైవే సుందరీకరణ చట్టం వచ్చింది. ప్రెసిడెంట్ గారి భార్య లేడీ బర్డ్ జాన్సన్ పట్టుబట్టి తెప్పించారు. హోర్డింగులు, తుక్కు కార్ల దొడ్లు ప్రయాణికుల కంట పడకూడదని దాని ఉద్దేశం. మీరు సొంత హోటల్ స్థలంలోనే ఉన్నారు కాబట్టి బతికిపోయారు గానీ, పెద్దమనుషుల లెక్కలో మీరూ ఆ బాపతే. అంతకుముందు 1952లో డగ్లస్ హాస్కెల్ అనే విమర్శకుడు, లాస్ ఏంజెలెస్‌లోని గూగీస్ అనే కాఫీ షాపు పేరు పట్టుకుని, ఎగిరిపోయేలా ఉండే కప్పులూ ఆకాశానికి ఎక్కే బోర్డులూ ఉన్న ఆ తరహా కట్టడాలన్నిటికీ ‘గూగీ’ అని పేరు తగిలించాడు. ఎగతాళికి పెట్టిన పేరే ఇప్పుడు మర్యాదగా చెలామణి అవుతోంది. ఆ షాపును మాత్రం 1989లో కూల్చేశారు. చచ్చినవాడి కళ్ళు చేరడేసి!

ఇంతకీ మధ్యలో మీరు మారిందేముంది? వయసు పెరిగింది, అంతే. జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కాలంటే మామూలుగా 50 ఏళ్ళు నిండాలి. నలభై తొమ్మిదో ఏట తుక్కు, ఏడాది తిరిగేసరికి చరిత్ర. పోనీ జాబితాలో చేరితే ప్రాణం గట్టిపడుతుందా అంటే అదీ లేదు. యజమాని తన డబ్బుతో తన కట్టడం కూలగొట్టుకుంటానంటే ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన ఎవరూ ఆపరు. సన్మానపత్రం ఇస్తారు, కాపలా మాత్రం కాయరు.

మీ కింద బతుకుతున్న డైనర్, అదే రోడ్డు పక్క చిన్న భోజనశాల, దాని బాధ ఇంకా విచిత్రం. 1872లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రబ్బండిలో రాత్రిపూట తిండి అమ్మిన నాటినుంచీ ఆ జాతికి కాలు ఒకచోట నిలవదు. తర్వాతి కాలంలో అవి ఫ్యాక్టరీల్లో తయారై ఊళ్ళకు రవాణా అయ్యాయి. అలాంటిదాన్ని పాపం ఎవరైనా కాపాడదామని ఇంకో చోటికి తరలిస్తే, తరలించిన కట్టడాలకు మామూలుగా అర్హత లేదంటుంది రూలు! ఈ జాబితాకు ఎక్కిన మొట్టమొదటి డైనర్ రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో ఉంది, 1978లో ఎక్కింది. దాని పేరు మోడర్న్ డైనర్. నేను కల్పించింది కాదు.

మీ అందం గురించి రెండు మాటలు. కారు దిగి దగ్గరికొస్తే తప్ప తెలియదు, మీ ఒళ్ళంతా మంట మీద చేత్తో వంచిన గాజు గొట్టం. అక్షరానికీ అక్షరానికీ మధ్య వెలుగు కనపడకుండా నల్ల రంగు పూసి ఉంటుంది. ఎనామెల్ రేకుకి స్క్రూ దిగిన చోటల్లా తుప్పు కారిన చార. ఎరుపూ నారింజా కలిసిన వెలుగైతే గొట్టంలో ఉన్నది అసలు నియాన్ వాయువు. నీలం వెలుగైతే ఆర్గాన్ అనే వేరే వాయువు, అందులో కాస్త పాదరసం. అంటే మీ కుటుంబంలో చాలామంది నియానే కాదు. ఈ సంగతి బయటికి పొక్కనివ్వకండి, అసలే ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టంలో ఎల్‌ఈడీలు దూర్చి ‘రెట్రో నియాన్’ అని అమ్ముతున్నారు.

మా అభిమానం సంగతీ చెప్పాలిగా. మిమ్మల్ని చూడగానే కారు పక్కకు తీస్తాం. ఆరిపోయిన అక్షరం కూడా ఫ్రేములో పడేలా ఫొటో తీస్తాం, అదే కళ. హోటల్ తెరిచే ఉంటుంది, లోపల కాఫీ కాగుతూ ఉంటుంది. తాగం. ఇంటర్‌స్టేట్ అనే కొత్త పెద్ద హైవే ఎక్కి, తర్వాతి ఎగ్జిట్ దగ్గర ఊరూరా ఒకేలా ఉండే చెయిన్ రెస్టారెంట్‌లో తింటూ ‘పాత హోటళ్ళన్నీ మూతపడుతున్నాయి’ అని మీ ఫొటో కింద రాస్తాం. ఈ నాడి పట్టినవాళ్ళూ లేకపోలేదు. టెక్సస్‌లోని అమరిల్లోలో బిగ్ టెక్సన్ అనే హోటల్ 1960లో రూట్ 66 అనే పాత హైవే మీద తెరిచింది. ఇంటర్‌స్టేట్ 40 వచ్చాక, 1970లో మూటాముల్లే సర్దుకుని దాని పక్కకే వెళ్ళిపోయింది. రెండు కిలోల స్టేక్ (కాల్చిన గొడ్డుమాంసం ముక్క), దాంతోపాటు పెట్టినవన్నీ గంటలో తినేస్తే బిల్లు లేదంటుంది. అక్కడ ఫొటో తీసుకుని పారిపోవడం కష్టం.

చివరిగా ఒక మనవి. చెయిన్ల మీద మరీ పగ పెట్టుకోకండి. కాలిఫోర్నియాలోని డౌనీలో 1953 నాటి మెక్‌డొనాల్డ్స్ కూడా 1994లో అంతరించిపోయే కట్టడాల జాబితాకెక్కి, జనం గోల చేస్తే బతికి, 1996లో మళ్ళీ తెరుచుకుంది. పిజ్జా హట్ దుకాణాల ఎర్ర కప్పులు 1969లో మొదలయ్యాయి, వాటికీ యాభై దాటిపోయింది. వాటి ముందూ కార్లు ఆగుతున్నాయి. కాస్త జరిగి వాటికీ చోటివ్వండి.

ఇట్లు,
ఇంజన్ ఆపకుండానే ఫొటో తీసుకునే
మీ అభిమాని