కదిలే భాగాలు లేని తమరికి

శ్రీయుత నెట్‌వర్క్ స్ట్రీమర్ గారికి,

ఇంటి నెట్‌వర్క్ మీదుగా పాటల ఫైళ్లు తెచ్చి ఆంప్లిఫయర్‌కు అందించే తమరు సీడీ ప్లేయర్ ఖాళీ చేసిన అరలో కొలువుదీరినందుకు అభినందనలు. తమలో కదిలే భాగమన్నదే లేదని పెట్టె మీద రాసుకొచ్చారు. నిజమే. మోటారు లేదు, లేజర్ లేదు, సాగిపోయే రబ్బరు బెల్టు లేదు. కదలాల్సిన పనంతా ఇంట్లోవాళ్లకు బదిలీ అయింది. రౌటర్ దగ్గరికోసారి, కంప్యూటర్ దగ్గరికోసారి, ఫోను ఏ దిండు కింద ఉందో వెతుక్కుంటూ మరోసారి.

1982లో జపాన్‌లో తొలిసారి అమ్మకానికొచ్చిన ఆ పాతకాపు ఏనాడూ వైఫై పాస్‌వర్డ్ అడిగిన పాపాన పోలేదు. తమరు అడుగుతారు. చెప్పాక కూడా ‘పరికరం కనబడలేదు’ అంటుంది ఫోను. తమరు ఎదురుగా దీపం వెలిగించుకునే కూర్చుని ఉంటారు. ఫోను అతిథుల వైఫైలో ఉంటే అంతే మరి: అందులో ఉన్నవి ఒకదానికొకటి కనబడకుండా రౌటరే అడ్డుగోడ కడుతుంది. లేదంటే ఇంటర్నెట్ వాళ్లిచ్చిన మోడెమే ఒక రౌటరై, దాని వెనక మనం ఇంకో రౌటర్ పెట్టుకుని ఉంటాం. ఒకే ఇంట్లో రెండు కాపురాలు. ఫోను ఒకదాంట్లో, తమరు ఇంకోదాంట్లో. రెండో రౌటర్‌ను వేరు కాపురం పెట్టకుండా వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మారిస్తే కుటుంబం ఏకమవుతుంది. పనిలో పనిగా రౌటర్‌లో తమరికో ఐపీ చిరునామా రిజర్వ్ చేస్తే, కరెంటు పోయొచ్చినప్పుడల్లా తమ చిరునామా మారిపోయే బెడద ఉండదు.

పాట మధ్యలో తమకు ఎక్కిళ్లొస్తే అందరూ ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుంటారు. దండగ. సీడీ నాణ్యతకు సెకనుకు కావలసింది 1,411 కిలోబిట్లు, నాణ్యత పోని ఫ్లాక్ ఫైలుగా కుదిస్తే ఇంచుమించు అందులో సగం. దోషం వేగానిది కాదు, ఇనప బీరువాలాంటి ఆంప్లిఫయర్ వెనక తమ యాంటెన్నాను ఇరికించినవారిది. అక్కణ్నుంచి రౌటర్ దాకా ఒక ఈథర్‌నెట్ తీగ లాగితే ఎక్కిళ్లు చాలామట్టుకు తగ్గుతాయి. తీగల బాధ తప్పించడానికి వచ్చినవారికి తీగే మందు!

ఆంప్లిఫయర్‌తో వియ్యం మాత్రం తేలిక. సీడీ ప్లేయర్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపిన పాత ఆర్‌సీఏ తీగలే తమరికీ సరిపోతాయి. సీడీ, ఆక్స్, ట్యూనర్ అని రాసున్న వాటిలో ఏ రంధ్రమైనా ఒకటే. ‘ఫోనో’ జోలికి మాత్రం పోకూడదు. అది గ్రామఫోన్ సూది పంపే సన్నటి సంకేతాన్ని వంద రెట్లు పెంచే చోటు, తమరు పంపేదేమో సుమారు 2 వోల్టులు. ఆంప్లిఫయర్‌కు వాల్యూమ్ మీట ఉంటే తమ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ను ‘ఫిక్స్‌డ్’ చేయాలి, అంటే తమ వాల్యూమ్‌ను పూర్తి స్థాయిలో కట్టిపడేయాలి. వాల్యూమ్ మీట లేని పవర్ ఆంప్లిఫయర్‌కు నేరుగా తగిలిస్తే పొరపాటున కూడా చేయకూడదు, మొదటి పాటే పూర్తి మోతతో మొదలవుతుంది. డాక్, అంటే ఫైల్లోని అంకెలను ఆంప్లిఫయర్‌కు అర్థమయ్యే సంకేతంగా మార్చే భాగం, లేని పేద స్ట్రీమర్లకు ఆప్టికల్ తీగతో వేరే డాక్ తగిలించాలి. ఆ తీగ కొనకుండే బుల్లి ప్లాస్టిక్ టోపీ తీయకుండా గుచ్చి, లోపలికి పోవడం లేదని తీగను తిట్టేవారు కోకొల్లలు.

ఇక అసలు సేవ. తమరు డిస్కు మింగలేరు కనుక ప్రతిదాన్నీ కంప్యూటర్లో రిప్ చేసి, అంటే పాటలను ఫైళ్లుగా దించి పెట్టాలి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ మోడ్ పెట్టి, ఇతరుల రిప్‌లతో పోల్చి చూపే అక్యురేట్‌రిప్‌తో సరిచూసుకుంటే గీతలు పడ్డ డిస్కు బండారం బయటపడుతుంది. ఆల్బమ్‌కు 300 నుంచి 400 ఎంబీ అనుకుంటే 200 డిస్కులు 80 జీబీ దాటవు. రెండో డ్రైవ్‌లో ఇంకో నకలు ఉండాలి. డ్రైవ్ గుచ్చినా తమరు గుర్తించకపోతే దాని ఫార్మాట్ చూడాలి, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ అంటే మొహం తిప్పుకునేవారు తమ బంధువర్గంలో ఇంకా ఉన్నారు. మ్యాక్‌లోంచి కాపీ చేస్తే ‘._’తో మొదలయ్యే దొంగ ఫైళ్లు కూడా దిగుతాయి. తమరు వాటినీ పాటలనుకుని వరుసలో నిలబెట్టి, వంతు రాగానే నోరెళ్లబెడతారు.

అన్నిటికన్నా, పాటల ఫైళ్లలో రాసిన వివరాలు చదివే తమ అక్షరజ్ఞానం గొప్పది. ఒకే గాయకుడి ఇంటిపేరు పొడి అక్షరాల మధ్య చుక్కలుంటే ఒక మనిషి, చుక్కల్లేకుంటే ఇంకో మనిషి, చివర ఖాళీ ఉంటే మూడో మనిషి. పన్నెండు మంది పాడిన ఆల్బమ్‌ను పన్నెండు ఆల్బమ్‌లుగా చీల్చి పంచిపెడతారు. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో అన్ని పాటలకూ ఒకే మాట రాస్తే గానీ పంపకాలు ఆగవు. ట్రాక్ నంబరు గడి ఖాళీగా వదిలి, ఫైలు పేర్లకు 01, 02 అని సున్నా తగిలించకపోతే 1 తర్వాత 10, 11, 12 పాడి, ఆపైన తీరిగ్గా 2కు వస్తారు. జంట డిస్కుల ఆల్బమ్‌లో డిస్కు నంబరు రాయకపోతే రెండు ఒకట్లు, రెండు రెండ్లు. కచేరీ రికార్డింగ్ అయితే పాటకూ పాటకూ మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ సౌకర్యం లేని తమ తమ్ముళ్లు రాగానికీ పల్లవికీ మధ్య ఊపిరి పీల్చుకుంటారు.

సీడీ ప్లేయర్‌ను అటకెక్కించడం లేదని తమకు ముందే తెలియజేస్తున్నాం. ఆక్స్‌కు మార్చాం. నెలకోసారైనా సొరుగు తెరిచి మూస్తాం, వాడకుండా ఉంచితే బెల్టు బిగుసుకుంటుంది. తమ యాప్‌ను కంపెనీ మానుకున్న రోజున పనికొస్తుంది.

ఇట్లు,
తమ కదిలే భాగాలు