పశువైద్య విద్యార్థులకు వేసవిలో కబేళా చూపించండి

మామునూరు పశువైద్య కళాశాలలో చదువుతున్న మా అన్న కొడుకు ఈ సెలవుల్లో హైదరాబాదులోని ఒక పెంపుడు కుక్కల క్లినిక్‌లో పని నేర్చుకుంటానన్నాడు. అది తప్పని నేను అనను. దానికి బదులు వరంగల్‌లోనే ఉండి ఒక కబేళాలో, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెల రోజులు గడపమంటే, “అక్కడ నేర్చుకునేదేముంది చిన్నబాపూ?” అని అడిగాడు. ఊళ్లలో ముప్పై ఏళ్లు పశువైద్యం చేసిన నాకు ఆ మాట గుచ్చుకుంది కానీ, తప్పు వాడిది కాదు. పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులను ఆపే పబ్లిక్ హెల్త్ అంటే పరీక్షలో గట్టెక్కవలసిన ఒక పేపరని వాడికి నేర్పింది మనమే.

ఆదివారం తెల్లవారుజామున రోడ్డు పక్కన గొర్రెను కోసే చోట కాసేపు నిలబడండి. కోయకముందు జీవాన్ని నడిపించి చూసేవారు కనిపించరు, కోసిన తర్వాత కాలేయాన్ని, లింఫు గ్రంథులను తడిమి చూసేవారూ కనిపించరు. ఊపిరితిత్తి మీద నీటితిత్తి ఉంటే, కోసేవాడు ఆ ముక్కను తీసి, అక్కడే కాచుకుని ఉన్న కుక్కకు విసిరేస్తాడు. ఆ తిత్తిలో ఉన్నది ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లరూపం. కుక్క పేగుల్లో అది ఎదిగి, దాని గుడ్లు మలంతో నేల మీద పడితే, అక్కడ మేసిన గొర్రెకూ, ఆ మట్టిలో ఆడి చేతులు కడుక్కోకుండా తిన్న పిల్లవాడికీ తిత్తులు వస్తాయి. పుస్తకంలో ఇది బాణాలతో గీసిన ఒక చక్రం మాత్రమే. ఆ ముక్క కుక్క నోట్లో పడటం చూసిన విద్యార్థికి ఆ బొమ్మను బట్టీపట్టే అవసరం ఉండదు.

ఆరోగ్య కేంద్రం ఎందుకని కూడా వాడు అడిగాడు. బర్రె ఈసుకుపోయినప్పుడు, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోయినప్పుడు, మాయ పడనప్పుడు మన రైతులు చాలామంది ఒట్టి చేతులతోనే లాగేస్తారు. నేనెరిగిన ఒక రైతు ఆ తర్వాత వచ్చిపోయే జ్వరంతో, రాత్రి చెమటలతో, కీళ్ల నొప్పులతో నెలల తరబడి టైఫాయిడ్ మందులు మింగాడు. అతని కొట్టంలో రెండు బర్రెలు ఈసుకుపోయిన సంగతి నాకు తెలుసు, జ్వరం సంగతి డాక్టరుకు తెలుసు, మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు. చివరకు అది ఈసుకుపోయిన పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ అని తేలింది. ఇందులో నా తప్పును నేను దాచుకోను. మా ఇద్దరి మధ్య ఆ వేసవిలో ఒక విద్యార్థి తిరిగి ఉంటే, “మీ ఇంట్లో పాడి ఉందా?” అన్న ప్రశ్న ముందే వచ్చేది.

చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంది కదా అనేవారున్నారు. ఐదున్నరేళ్ల చదువులో అది ఆఖరున వస్తుంది. అప్పటికి ఎవరి దారి వారు ఎంచుకునే ఉంటారు.

అయితే పంపించే పద్ధతి ఉండాలి. నెలాఖరున సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చి పంపేసే తంతు నాకు వద్దు. బస్సు చార్జీలకైనా సరిపోయే భత్యం ఇవ్వాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు వేసే బ్రూసెల్లా టీకాలో ఉండేది బతికున్న సూక్ష్మజీవి కాబట్టి, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ సీసాను విద్యార్థి ముట్టకూడదు. రేబిస్ ముందస్తు టీకా మూడు డోసులు పూర్తి కావడానికి మూడు వారాలైనా పడుతుంది. సెలవులిచ్చిన రోజున మొదలుపెడితే నెల దానికే సరిపోతుంది కనుక, మార్చిలోనే కళాశాలలో వేయించాలి. మావాడికి ఎవరూ వేయించలేదు. మొదటి డోసు నిన్న నేనే వేయించాను.