స్కాన్ చేసి పెడితే అందరికీ అందినట్టు కాదు

బెంగళూరు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం కొన్నాళ్లుగా చక్కర్లు కొడుతోంది. చదువుకున్న మిత్రులు, అందులోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవారు, "ఇది నీ పని గురించే, చూడు" అంటూ దాన్ని నాకు పంపుతూనే ఉన్నారు. దాని సారాంశం ఇది. ప్రభుత్వ గ్రంథాలయాలూ రికార్డు ఆఫీసులూ పాత పుస్తకాలను, దస్త్రాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడితే చాలునట. వికలాంగులకు అనువుగా తీర్చిదిద్దడం పేరిట డిజైనర్లకు ఇచ్చే డబ్బు దండగట. డిజైన్ అంటే రంగులు పూయడమేనట. చూపులేనివారు పాత కాగితాల కోసం రారట. వచ్చినా పక్కన ఎవరో ఒకరు చదివి పెడతారట. ఇకమీదట ఏఐ అంతా చదివి వినిపిస్తుందట. మరీ కావాలంటే పేజీ మూలన అక్షరాలు పెంచే, రంగులు తిప్పే ఒక బటన్ పెడితే సరిపోతుందట. పైగా పాఠాన్ని అందరికీ వదిలేస్తే కాపీరైటు గొడవలు వస్తాయట. ప్రజల డబ్బుతో నడిచే డిజిటల్ ఆర్కైవ్‌లకు ఇంటరాక్షన్ డిజైన్ చేయడం, అంటే వాడేవారు వాటిలో వెతికే, చదివే తీరును తీర్చిదిద్దడం, నా వృత్తి. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు అయిపోయింది కనుక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కాపీరైటు సంగతి ముందుగా తేల్చేస్తాను, ఎందుకంటే అందులో వాదించడానికేమీ లేదు. వికలాంగులకు అనువైన రూపంలోకి ఒక రచనను మార్చి ఇవ్వడం ఉల్లంఘన కిందికి రాదని మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. చూపులేనివారికి పుస్తకాలు అందాలన్న మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరితే, 2014లో దాన్ని అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. అదీగాక ఆర్కైవ్‌లలో ఉన్న సరుకులో పెద్ద భాగానికి కాపీరైటు ఎప్పుడో చెల్లిపోయింది.

డిజైన్ అంటే రంగులు పూయడమేనన్న మాటకు అంతకన్నా తక్కువ జవాబు చాలు. బూడిదరంగు నేలమీద లేత బూడిదరంగు అక్షరాలు వేసే డిజైనర్లు ఉన్నారు, నిజమే. అక్షరానికీ నేలకూ మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా ఉండాలని ప్రమాణం పెట్టింది అటువంటి పనిని ఆపడానికే.

"చూపులేనివారు పాత కాగితాల కోసం రారు" అన్న వాక్యం దగ్గర మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వారిలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైగా. వీరిలో న్యాయవాదులు ఉన్నారు, అధ్యాపకులు ఉన్నారు, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులు ఉన్నారు, తాతల నాటి భూమికి ఆధారం వెతుక్కునే రైతు బిడ్డలు ఉన్నారు. ఆర్కైవ్ అంటే తాళపత్రాలొక్కటే అనుకోవడం కూడా పొరపాటు. పాత గెజెట్లు, సర్వే నివేదికలు, కోర్టు తీర్పులు, శాసనసభ చర్చలు, పత్రికలు అన్నీ అక్కడే ఉంటాయి. వీటితో చూపులేనివారికి పని లేదని తేల్చే ముందు ఆ మాట రాసినవారు వారిలో ఒక్కరినైనా అడిగారా? తలుపు మూసి ఉంచి, లోపలికి ఎవరూ రావడం లేదు కనుక తలుపు అక్కరలేదని వాదించడం ఏ తర్కం?

తలుపు ఎలా మూసుకుపోతుందో దగ్గరగా చూసిన ఒక సందర్భం చెబుతాను. ఒక రికార్డుల పోర్టల్‌ను పరీక్షించేటప్పుడు, బెంగళూరులో న్యాయశాస్త్రం చదువుతున్న అనంతపురం కుర్రవాడొకరు నా పక్కన కూర్చున్నారు. పుట్టుకతోనే చూపు లేదు. తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో, మౌస్ ముట్టకుండా, నాకన్నా వేగంగా కంప్యూటర్ వాడతారు. వెతికే పెట్టెలో తెలుగులో ఒక ఊరి పేరు కొట్టారు. ఫలితాలు వచ్చాయి, కానీ వచ్చినట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే తెరమీద మారిన సంగతిని స్క్రీన్ రీడర్‌కు అందించే ఏర్పాటు ఆ పేజీలో లేదు. టాబ్ కీ నొక్కుతూ కిందికి దిగితే "గ్రాఫిక్, లింక్, గ్రాఫిక్, లింక్" అని వినబడింది తప్ప ఏది ఏ దస్త్రమో తెలియలేదు. శీర్షికలు తెలుగులోనే ఉన్నా పేజీ భాష ఇంగ్లీషని కోడ్‌లో రాసి ఉండడంతో, చదివే గొంతు ఇంగ్లీషుదై, తెలుగు మాటలను పలకకుండానే దాటిపోయింది. ఎలాగో ఒక దస్త్రం తెరిచాక, తరువాతి పుటకు వెళ్లే మీట "బటన్" అని మాత్రమే పలికింది. దాన్ని నొక్కితే పుట మారింది, కానీ ఆయన మళ్లీ పేజీ మొదటికి వచ్చి పడ్డారు. ప్రతి పుటకూ అదే దారి మొదటి నుంచి నడవాలి. ఆయన చిరాకుపడలేదు. "అలవాటే సార్" అన్నారు. ఆ అలవాటు ఆయనకు ఎందుకు ఉండాలి?

ఇక్కడే "పక్కన ఎవరైనా చదివి పెడతారు" అన్న మాటకూ జవాబుంది. ఏ దస్త్రం చదవాలో, ఏది దాటవేయాలో నిర్ణయించుకోవడమే పరిశోధన. ఆ నిర్ణయం పక్కవాడి కళ్ల మీదా, పక్కవాడి తీరిక మీదా ఆధారపడితే ఆ పరిశోధన పక్కవాడిదవుతుంది. తన ఇంటి ఆస్తి తగాదా కాగితాన్ని ఇంకొకరికి చూపించక తప్పని పరిస్థితి మనలో ఎవరికి నచ్చుతుంది?

ఇది దయాదాక్షిణ్యాలకు వదిలేసిన విషయం కూడా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమంలోని సమాచారం అందుబాటు రూపంలో ఉండేలా చూడవలసిన బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. ఆ చట్టం కింద ప్రమాణాలను ఉత్త సిఫార్సులుగా వదిలేసిన 15వ నియమం మూల చట్టానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరులో, రాజీవ్ రాటూరి కేసులో చెప్పింది. 2025 ఏప్రిల్‌లో, యాసిడ్ దాడి బాధితులూ చూపులేనివారూ ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) విషయమై వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమేనని తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి. ఇంత జరిగాక కూడా దండగ అనే మాట ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా హానికరమైన మాటకు వస్తాను: "ఏఐ అంతా చదివేస్తుంది కనుక పాఠం సరిచూడనక్కరలేదు." మిగతావన్నీ తెలియక అన్నవి, ఇది మాత్రం తెలిసినవారు కూడా నమ్ముతున్న మాట, అధికారుల సమావేశాల్లో కూడా వినబడుతున్న మాట. స్కాన్ అంటే పుటకు తీసిన ఫోటో. అందులోని అక్షరాలను యంత్రం గుర్తించి పాఠంగా మార్చాలి. పాత తెలుగు అచ్చు దగ్గర ఆ యంత్రం ఎక్కడ తడబడుతుందో పుటల పక్కన పాఠం పెట్టుకుని సరిచూసినవారికి తెలుసు. సంవత్సరాలను తెలుగు అంకెల్లో వేసిన పుస్తకంలో సున్నా అంకె, పూర్ణానుస్వారం రెండూ ఒకే గుండ్రని గీత. అంకె ఉండవలసిన చోట పూర్ణానుస్వారం పడితే స్క్రీన్ రీడర్ సంవత్సరాన్ని చదవదు, ఏదో ముక్కు శబ్దం చేసి పోతుంది. సిరా కాస్త వెలిసిన పుటలో "థ" లోపలి చుక్క కనబడకపోతే అది "ధ" అవుతుంది, అప్పుడు అర్థం కాస్తా అర్ధం అయిపోతుంది. ఆస్తి కాగితంలో ఆ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు. "ఫ" కింది గీత స్కాన్‌లో చెరిగిపోతే ఫలం పలమవుతుంది, పండు కాస్తా తూకమైపోతుంది. అరసున్నలు మచ్చలుగా మారి మాయమవుతాయి, వత్తులు కింది పంక్తిలోకి జారిపోతాయి, రెండు వరసల పత్రికలో ఎడమ వరస సగం, కుడి వరస సగం కలిసి ఒకే వాక్యంగా వినబడతాయి.

ఇంతవరకూ పాత యంత్రాల తప్పులు. ఈ తప్పులు తప్పుల్లాగే వినబడతాయి కనుక, వినేవాడు ఇక్కడ ఏదో చెడిందని పట్టుకోగలడు. కొత్త ఏఐ నమూనాలతో వచ్చిన చిక్కు వేరు. అక్షరం అందని చోట అవి ఆగవు. ఆ చోట సహజంగా ఒదిగే మాటను తామే వేసి, వాక్యాన్ని నున్నగా చేసి ఇస్తాయి. చూపున్న పాఠకుడికి అనుమానం వస్తే పక్కనున్న ఫోటోతో పోల్చుకుంటాడు. చూపులేని పాఠకుడికి ఆ ఫోటో లేదు, యంత్రం చెప్పిందే ఆయనకు మూలం. చూపున్నవారికి అసలు దస్త్రం, చూపులేనివారికి దస్త్రం లాంటిదేదో ఇచ్చి, ఇద్దరికీ ఒకటే ఇచ్చామని చెప్పుకోవడాన్ని నేను ఒప్పుకోలేను. చరిత్ర పుస్తకంలో తేదీ తప్పుగా వేస్తే నానా రభస చేసే మనం, ఒక వర్గం పాఠకులకు ఏ తేదీ నిజమో తెలుసుకునే దారే లేకుండా చేస్తే ఊరుకుంటామా? ఏఐని వాడవద్దని నేను అనడం లేదు, మేమూ వాడుతున్నాం. ఫోటోలకు వర్ణనల తొలి చిత్తు రాయడానికి అది బాగా పనికొస్తుంది. మనిషి సరిచూసిన పాఠమేదో, చూడనిదేదో ప్రతి పుట మీదా చెప్పాలంటున్నాను, అదీ స్క్రీన్ రీడర్ పలికేలా చెప్పాలంటున్నాను.

పీడీఎఫ్ పెడితే చాలదా అని కూడా కొందరు అడుగుతున్నారు. ఏ పీడీఎఫ్? తెలుగు అచ్చుపనిలో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చిన పుస్తకపు పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. కంటికి తెలుగుగా కనబడినది అక్కడ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజిగా దిగుతుంది. స్క్రీన్ రీడర్ చదివేది ఆ గజిబిజినే. ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చకుండా ఆన్‌లైన్‌లో పెట్టిన అటువంటి పుస్తకాన్ని ఎవరూ వెతికి పట్టుకోలేరు, చూపున్నవారు కూడా.

మూలన పెట్టే బటన్ సంగతి. అక్షరాల సైజు పెంచడం, రంగులు తిప్పడం ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ ఇప్పటికే ఉన్నాయి. పేరులేని మీటకు పేరు పెట్టడం, ఫోటోలోని పుటను పాఠంగా మార్చడం ఆ బటన్ వల్ల కాదు. ఒక్క స్క్రిప్టు తగిలిస్తే ఏ వెబ్‌సైటైనా ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసిన యాక్సెసిబీ అనే సంస్థ 10 లక్షల డాలర్లు కట్టవలసి వస్తుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో ప్రకటించింది. ఆడిట్ సర్టిఫికెట్ల కోసమే ఖర్చు పెట్టి, వాడేవారిలో ఒక్కరినీ కూర్చోబెట్టి చూడని ప్రాజెక్టులు ఉన్నాయని సందేశంలో ఒక వాక్యం ఉంది. అది నిజం. ఆ డబ్బు దండగే.

ఇంకొక మాట దగ్గర కూడా నేను సందేశం రాసినవారి పక్షానే ఉన్నాను. కాగితం పొడి రాలిపోతున్న చోట ముందు స్కాన్ చేయాలి, మిగతావన్నీ తరువాత. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో మెకంజీ, బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు ఉన్నాయి. అటువంటి ప్రతి ఒకటి శిథిలమవుతుంటే నేను కూడా డబ్బంతా కెమెరాకే ఇమ్మంటాను, అది ఏళ్ల తరబడి స్క్రీన్ రీడర్‌కు అందకపోయినా సరే. పోయిన ఆకును ఎవరూ ఎవరికీ చదివి వినిపించలేరు.

అయితే స్కాన్ చేసే రోజునే శీర్షిక, కర్త, సంవత్సరం, భాష సరిగ్గా తెలుగు లిపిలో రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ పని చేయకపోతే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మనకు చూపించింది. కంప్యూటర్ శాస్త్రవేత్త, మన రాజ్ రెడ్డిగారి విశ్వ గ్రంథాలయ ఆలోచనతో ముడిపడి, బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) కేంద్రంగా సాగిన ఆ మహాప్రయత్నం వల్లే వేల తెలుగు పుస్తకాలు మనకు మిగిలాయి. ఆ స్కాన్లు ఈనాటికీ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి, ఆ రుణం తీరేది కాదు. కానీ శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్క పుస్తకానికి ఒక్కో తీరు వర్ణక్రమంలో ఎక్కాయి. తెలుగులో వెతికితే దొరకవు, ఇంగ్లీషులో ఏ వర్ణక్రమం ఊహించాలో తెలియదు. కళ్లున్నవారు అట్ట బొమ్మలు చూసుకుంటూ ఎలాగో పట్టుకుంటారు. స్క్రీన్ రీడర్‌కు వినబడేది ఆ చెదిరిన శీర్షిక ఒక్కటే.

కోట్ల పుటలను ఎవరు సరిచేస్తారన్నది చివరి ప్రశ్న. అన్నిటినీ ఒకేసారి సరిచేయమని ఎవరూ అడగడం లేదు. ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు పుట ఫోటోనూ పాఠాన్నీ పక్కపక్కన పెట్టుకుని పుస్తకాలు సరిచూస్తున్నారు, ఏ పుట ఏ దశలో ఉందో రంగుతో పాటు మాటల్లో కూడా చెబుతున్నారు. ప్రభుత్వ పోర్టళ్లలో మేము పెట్టమని అడుగుతున్నది ఇంకా చిన్నది: ప్రతి దస్త్రం దగ్గర "ఈ పుటల పాఠం కావాలి" అని కోరే ఒక మీట, ఆ కోరిక వెళ్లి చేరే ఒక ఉద్యోగి, పాఠం సిద్ధమైనప్పుడు కోరినవారికి ఒక ఎస్సెమ్మెస్. ఒకరి కోసం సరిచేసిన పుట ఆ తరువాత వెతికే ప్రతివారికీ దొరుకుతుంది, దాన్ని మళ్లీ సరిచేయనక్కరలేదు.