గోడ మీద సాహసం, బీరువాలో నివేదిక

తమ పనిని కుంచె ద్వారా ప్రజలతో పంచుకుంటామంటూ అమెరికా తీర రక్షక దళం 1981 నుంచి ఒక చిత్రకళా కార్యక్రమం నడుపుతోంది. న్యూయార్క్‌లోని చిత్రకారుల సంఘం సాల్మగుండీ క్లబ్ అందులో భాగస్వామి. చిత్రకారులు ఒక్క డాలరు పుచ్చుకోకుండా బొమ్మలు వేసి దళానికి ఇచ్చేస్తారు. అలా పోగైనవి 2,000 దాటాయి. హెలికాప్టర్ నుంచి హోరెత్తే సముద్రంలోకి దిగే రక్షకుడు, మంచును చీల్చుకుంటూ సాగే ఓడ, దొంగ రవాణా పడవను తరిమే గస్తీ బృందం కళ్లముందు నిలుస్తాయి. పనితనానికి వంక పెట్టలేం. ఒడ్డున ఉన్నవారికి కనబడని కష్టాన్ని కళ చూపిస్తుందనే వాదనలోనూ కొంత నిజముంది.

కానీ ఈ కార్యక్రమం దళం ప్రజాసంబంధాల వ్యవహారంలో భాగం. ఎవరి కథ చెబుతున్నారో వారే గోడకు మేకు కూడా కొడుతున్నారు. మ్యూజియాలకు, గ్రంథాలయాలకు కొన్ని బొమ్మలు వెళ్తున్న మాట వాస్తవమే. మంత్రుల, కాంగ్రెస్ అనే అమెరికా చట్టసభ సభ్యుల, ఉన్నతాధికారుల కార్యాలయాలకూ వెళ్తున్నాయి. బడ్జెట్‌కు ఓటు వేసే మనిషి కుర్చీ వెనక, ఆ బడ్జెట్ కోరే దళం వీరగాథ వేలాడుతుంటే దాన్ని ప్రజలతో పంచుకోవడమని ఎవరైనా అంటారా?

2018 డిసెంబరు నుంచి 35 రోజులు నిధులకు ఆమోదం లేక ప్రభుత్వ కార్యాలయాలు మూతబడినప్పుడు, రక్షణ శాఖ కింద కాక అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉన్న పాపానికి ఈ దళంలోని 40,000 మందికి పైగా సిబ్బంది జీతం అందకుండానే సముద్రంలో కాపలా కాశారు. వారి కుటుంబాలు ఉచిత సరుకుల కోసం వరుసల్లో నిలబడ్డాయి. ఆ వరుస బొమ్మ ఏ సెనేటర్ గదిలో ఉందో చెప్పగలరా?

అంతకంటే దారుణం దళం అధికారులకు శిక్షణ ఇచ్చే అకాడమీ వ్యవహారం. 1988 నుంచి 2006 వరకు అక్కడ జరిగిన లైంగిక దాడులపై దళమే విచారణ జరిపింది. ఫిర్యాదులను గతంలో ఎలా తొక్కిపెట్టారో కూడా అందులో తేలింది. 2020 నాటికి నివేదిక సిద్ధమైంది. 2023లో ఒక వార్తాసంస్థ బయటపెట్టేదాకా ఆ సంగతి కాంగ్రెస్‌కు చెప్పనే లేదు. ఆ తర్వాత క్షమాపణలు వచ్చాయి, నిజమే. పట్టుబడ్డాక చెప్పే క్షమాపణకు విలువెంత? సాహసమైతే చట్రం కట్టించి పంచుతారు, సిగ్గుచేటైతే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మిగతా ప్రభుత్వ శాఖలకూ ఈ దారి నచ్చితే, పౌరులకు దక్కేవి తైలవర్ణ చిత్రాలే.

కళ ఏం చేయగలదో ఈ దళానికి తెలియక కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జేకబ్ లారెన్స్ అనే నల్లజాతి చిత్రకారుడు ఇదే దళంలో పనిచేశాడు. మొదట ఇచ్చింది భోజనశాల సేవకుడి హోదా. ఆ తర్వాత నల్లవారు, తెల్లవారు కలిసి పనిచేసిన సీ క్లౌడ్ ఓడలో ఆయన చేతికి కుంచె దక్కింది. ఆయన ఓడ అడుగున రంగులు పూసే చాకిరీని గీశాడు. వీరుల ఫోజుల జోలికి పోలేదు. 1944లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాటిని ప్రదర్శించింది. ఆ యుద్ధకాలపు చిత్రాల్లో చాలావాటి ఆచూకీ నేడు లేదు. ఉన్న ఒక్క నిజాయితీ గల సాక్ష్యాన్ని ఇంత నిర్లక్ష్యంగా చెదరనిచ్చి, ఇప్పుడు సేకరణ గురించి గొప్పలు చెప్పుకోవడం మాకు మింగుడు పడటం లేదు.

బొమ్మలు ఎవరి గదుల్లో ఉన్నాయో పూర్తి జాబితా బయటపెట్టాలి. ఎంపికలో దళంతో సంబంధం లేనివారి మాటే చెల్లాలి. అకాడమీ తరగతులకు, పడక గదుల వసారాలకు, బాధితుల వద్దకు చిత్రకారులను వెళ్లనివ్వాలి. ఉచితంగా ఇచ్చిన బొమ్మను మంత్రి గదికి చేర్చడంలో ఉన్న చురుకుదనం, ఒక నివేదికను కాంగ్రెస్ మెట్లు ఎక్కించడంలో మూడేళ్లు ఎందుకు కొరవడిందో దళాధిపతులు ముందు జవాబు చెప్పాలి. అది చెప్పనంత వరకు కొత్త ప్రదర్శనలకు రిబ్బన్లు కత్తిరించే అర్హత వారికి లేదు.