ఆలమట్టి గేట్లు పెరిగితే కృష్ణ ఎండిపోతుందా?

"ఆలమట్టి ఎత్తు 519.6 మీటర్ల నుంచి 524.256కు పెంచుతున్నారు. ఇది సుప్రీంకోర్టు ధిక్కారం. ఇక శ్రీశైలం, సాగర్ ఎడారులే." కర్ణాటకలో కృష్ణ మీదున్న ఆలమట్టి డ్యాం గురించి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెగ తిరుగుతున్న మాట ఇది. మన నీళ్ల కోసమే కదా అని తప్పుడు లెక్కను వెనకేసుకొస్తే రేపు వాదనలో మనమే దొరికిపోతాం.

ముందు ధిక్కారం సంగతి. 2000లో సుప్రీంకోర్టు 519.6 దగ్గర ఆపింది. 2010లో కృష్ణా నీళ్ల పంపకం తేల్చే బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 524.256కు ఒప్పుకుంది. ఆ తీర్పును గెజిట్‌లో వేయొద్దని 2011లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. గెజిట్ రానిదే తీర్పు అమల్లోకి రాదు. 2025 సెప్టెంబరులో కర్ణాటక మంత్రివర్గం తేల్చింది ముంపు భూముల పరిహారం: ఎకరా మాగాణికి 40 లక్షలు, మెట్టకు 30 లక్షలు. భూసేకరణ ధిక్కారం కాదు. గేట్ల ఎత్తు పెంచారా, అప్పుడు ఆ మాట అనొచ్చు.

ఇక ఎడారి. మ్యాపు ఒక్కసారి చూడండి. భీమా నది ఆలమట్టి గడప తొక్కదు. దిగువన కృష్ణలో కలిసి జూరాలకు వస్తుంది. తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కలుస్తుంది. ఈ రెండు నదుల నీళ్లూ ఆలమట్టి గేట్లతో పని లేకుండానే శ్రీశైలం చేరతాయి. 2019 లాంటి వరద ఏడాదిలో వందల టీఎంసీలు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలో కలిశాయి. అలాంటి ఏడాది ఆలమట్టిలో ఇంకో వంద ఆగినా మనకు తెలియను కూడా తెలియదు.

అంటే నష్టం లేదనా? ఉంది, కానీ వేరే చోట. జలాశయం పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది కాబట్టి ఇప్పటి 123 టీఎంసీల మీద మరో వంద దాకా చేరుతుంది. ఎగువన అది నిండాకే కిందికి వదులుతారు. 2023లా సాగర్ నిండని ఏడాదిలో ఆ వందే ప్రాణం. మామూలు ఏడాదిలోనూ జులైలో రావాల్సిన నీరు ఆగస్టు చివరికి జారితే సాగర్ ఆయకట్టులో నారు మడిలోనే ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు సరిగా వేయదు. ఆ తర్వాత ఎంత వరదొచ్చినా ఆ రైతుకు ఒరిగేదేమీ లేదు.

2010 తీర్పులో జూన్, జులైల్లో ఆలమట్టి నుంచి మనకు వదలమన్నది 8 నుంచి 10 టీఎంసీలు. కొట్లాడాల్సింది ఈ అంకె మీద, లోటు ఏడాదిలో నీళ్లు వదిలే తేదీల మీద.