చెక్కుబందీ లేని పిక్సెల్

గుంటూరులో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఇంతకాలమూ ఒక తప్పుడు నమ్మకంతో బతికానని ఈమధ్యనే తెలిసింది. అమ్ముతున్నది ఏమిటో కొనేవాడికి అర్థమయ్యేలా రాయాలన్నదే ఆ నమ్మకం. చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, ఇలా రాసేవాణ్ణి: తూర్పు ఫలానావారి ఖాళీ స్థలం, దక్షిణం పంచాయతీ రోడ్డు, పడమర మురుగుకాలువ, ఉత్తరం ఫలానావారి దొడ్డిగోడ, ఇందు మధ్య 242 చదరపు గజాలు, అనగా 5 సెంట్లు. అంకెల్లో రాసింది చాలక పక్కనే అక్షరాల్లో కూడా రాసేవాణ్ణి. ఎంత అమాయకత్వం!

నా కళ్లు తెరిపించినవాడు మా మేనల్లుడు. వాడు ఇంజినీరింగ్ చదివి, విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, మిర్చిలో తాలుకాయలు ఏరే యంత్రం చేశాడు. బియ్యం మిల్లుల్లో సార్టెక్స్ అంటామే, ఇదీ అలాంటిదే. గింజలు జారుతుంటే కెమెరా చూస్తుంది, రంగు తేడా కనిపిస్తే గాలి కొట్టి పక్కకు తోసేస్తుంది. వీడు చేసిన కొత్త ఏమిటంటే, రెండు కెమెరాలు పెట్టే చోట ఒక కెమెరా, ఒక అద్దం పెట్టి కాయను రెండువైపులా చూడటం. ఖర్చు తగ్గింది, వాడు మురిశాడు, పేటెంటు తీసుకుందామనుకున్నాడు. ఏజెంటు నలభై పేజీల డ్రాఫ్టు పంపాడు. వాడు దాన్ని తెచ్చి నా బల్ల మీద పడేసి, "మావయ్యా, నువ్వు కాగితాలు చదివేవాడివి. ఇది నా యంత్రమేనా?" అని అడిగాడు.

చదివాను. మొదట సంతోషించాను. ప్రతి వాక్యంలోనూ 'సదరు' ఉంది. సదరు గ్రాహకము, సదరు వస్తువు, సదరు సదరు. ఆ మాట మా వృత్తికే సొంతమనుకున్నాను, దూరపు చుట్టాలు ఇంతమంది ఉన్నారని తెలియదు. తరవాత యంత్రం కోసం వెతికాను. దాని పేరు 'దృశ్య లక్షణముల ఆధారముగా వస్తువులను విభజించు వ్యవస్థ మరియు పద్ధతి' అయిపోయింది. మిర్చి అన్న మాట ఇరవై రెండో పేజీలో ఒకే ఒక్కసారి కనిపించింది, అదీ 'ఉదాహరణకు' చాటున నక్కి.

"అద్దం ఏదిరా?"

"అదిగో మావయ్యా, 'కాంతి దిశను మార్చుటకు అనువుగా అమర్చబడిన కనీసం ఒక సాధనము'. అద్దం అని రాస్తే పక్క షెడ్డువాడు పట్టకం పెట్టుకుని తప్పించుకుంటాడట."

నాకు వెన్నులో జలదరించింది. ముప్పై ఏళ్లలో 'తూర్పు వేపచెట్టు' అని ఎన్ని వందల కాగితాల్లో రాశానో. 'వృక్ష స్వభావము కలిగిన కనీసం ఒక నిలువు వస్తువు' అని రాసి ఉంటే నా పార్టీల స్థలాలు ఈపాటికి అమరావతి దాకా పాకి ఉండేవి.

ఇక పిక్సెల్ సంగతి. ఈ రంగంలో దీనికి మించిన ఆస్తి లేదు, దీనికి లేనివల్లా హద్దులే. కెమెరా సెన్సర్ మీద వెలుతురు పట్టే చిన్న గుంటను పిక్సెల్ అంటారు. ఆ గుంట స్వతహాగా రంగు చూడలేదు, ఎంత వెలుతురు పడిందో చెబుతుంది, అంతే. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో గుంటల మీద రంగు ఫిల్టర్లు పరుస్తారు. ప్రతి నాలుగింటిలో రెండు పచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. అంటే 12 మెగాపిక్సెల్ కెమెరాలో 60 లక్షల గుంటలు పచ్చ, 30 లక్షలు ఎరుపు, 30 లక్షలు నీలం చూస్తాయి. ఒక్కొక్కటి చూసేది ఒక్క రంగే. తక్కిన రెండూ చుట్టుపక్కలవాళ్లను అడిగి అంచనా వేసుకోవడమే. మన వీధిలో పెళ్లి సంబంధాల వాకబు కూడా ఇదే పద్ధతి, దానికి మాత్రం ఇంకా పేటెంటు లేదు.

అదే ఫోను తెరకొచ్చేసరికి ఎరుపు, పచ్చ, నీలం దీపాలు మూడూ కలిస్తేనే ఒక పిక్సెల్. ఫైల్లోకొచ్చేసరికి గుంటా లేదు, దీపమూ లేదు, మూడు అంకెలే పిక్సెల్. మా వాడి డ్రాఫ్టులో ఈ మూడూ ఉన్నాయి, మూడింటికీ అదే మాట. 'సదరు పిక్సెల్' అన్నచోట సదరు ఏ పిక్సెలో ఆ భగవంతుడికి కూడా చెన్నై పేటెంటు ఆఫీసులో విచారణ జరిగాకే తెలియాలి. ఒకే దస్తావేజులో 'ఇల్లు' అంటే మొదటి పేజీలో గది, రెండో పేజీలో మూడు గదుల వాటా, మూడో పేజీలో ఇంటిపన్ను రసీదు అని నేను రాస్తే ఊళ్లో తిరగనిస్తారా?

కొలతలైనా సరిగ్గా ఉంటాయేమోనని ఆశపడ్డాను. 'ఒక అంగుళం సెన్సర్' అని ఉంది. స్కేలు తీశాను. వాడు ఆపాడు. ఒక అంగుళం సెన్సర్ అంటే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పట. మూల నుంచి మూలకు కొలిచినా 16 మిల్లీమీటర్లు నిండదు. అంగుళానికి 25.4 అని నాకు మూడో తరగతిలో బెత్తం దెబ్బలతో నేర్పారు. కారణం అడిగితే చెప్పాడు. పాత టీవీ కెమెరాల్లో గాజు గొట్టం ఉండేది. గొట్టం బయటి వ్యాసం అంగుళం, బొమ్మ పడే చోటు అందులో ఇంకా చిన్నది. గొట్టం ఎప్పుడో పోయింది, కొలత మాత్రం మిగిలింది. తాతగారి కాలంలో ఈ స్థలం చుట్టూ పెద్ద ప్రహరీ ఉండేది కాబట్టి మూడు సెంట్లను ఐదు సెంట్లని రాస్తున్నామన్నమాట. ఈ సంప్రదాయం ముందే తెలిసుంటే నా క్లయింట్లు ఎంత వృద్ధిలోకి వచ్చేవారో!

మాటకు అర్థం ఇంత ఇరుకుగా ఎందుకుండాలి అనేది ఈ శాస్త్రంలో మూలసూత్రం. అమెరికాలో అయితే దరఖాస్తుదారు తన నిఘంటువు తానే రాసుకోవచ్చు, కోర్టులు ఒప్పుకుంటాయి. 'అనేక' అంటే రెండు చాలు. 'కలిగియున్న' అంటే చెప్పినవీ, చెప్పనివి ఇంకెన్నైనా. వ్యాయామం చేసేవాళ్ల గుండె లయ కొలిచే పరికరం మీద అక్కడ పెద్ద కేసే నడిచింది. రెండు ఎలక్ట్రోడ్లు ఒకదానికొకటి ఎడంగా ఉండాలని రాశారు. ఎంత ఎడం? రాయలేదు. 2014లో వాళ్ల సుప్రీంకోర్టు, క్లెయిము (ఆవిష్కరణలో నాది ఇంతవరకు అని చెప్పుకునే వాక్యం) హద్దులు ఆ రంగం తెలిసినవాడికి తగినంత నిశ్చయంగా తెలియాలి అని గట్టిగా చెప్పి కేసు వెనక్కి పంపింది. కింది కోర్టు మరుసటి ఏడాది మళ్లీ చదివి, 'నిశ్చయంగానే ఉంది' అని తేల్చింది. ఇంత ఓపిక గల న్యాయవ్యవస్థ ఎదుట 'పడమర: కొంత ఎడంగా కాలువ' అని ఒక్క దస్తావేజైనా రాసి చూడాలని నా చిరకాల వాంఛ.

మన మిర్చి యార్డుకు మాత్రం ఈ సంస్కారం అబ్బలేదు. అక్కడ మిర్చి రకాల్లో తేజ అంటే తేజ, 334 అంటే 334, బాడిగ అంటే బాడిగ. నాణ్యతలో డీలక్స్, మీడియం, తాలు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి కాయ విరిచి చూస్తే రైతుకీ, కమీషన్ ఏజెంటుకీ ఏది ఏదో తెలిసిపోతుంది. అభివృద్ధి ఆగిపోవడానికి ఇలాంటి అలవాట్లే కారణం.

డ్రాఫ్టు చివర ఏజెంటు ఒక సలహా కూడా రాశాడు. ఇదే యంత్రం మీద కొద్ది నెలల్లో రెండో దరఖాస్తు వేయవచ్చట. మొదటిదాంట్లో 'అమర్చబడిన అద్దము', రెండోదాంట్లో 'అద్దమును అమర్చు విధానము'. ఇక్కడే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ప్రాంతంలో ఒకే ప్లాటు ఇద్దరికి రాస్తే దాన్ని డబుల్ రిజిస్ట్రేషన్ అంటారు, పోలీసులొస్తారు. ఇక్కడ ఒకే ప్లాటు ఒకడే తనకు తాను రెండుసార్లు రాయించుకుంటున్నాడు. మోసపోయిన కొనుగోలుదారు ఎవరూ లేరు. పేటెంటంటే దాఖలైన నాటి నుంచి 20 ఏళ్ల లీజు, గడువు తీరితే స్థలం ఊరుమ్మడి. రెండో కాగితం గడువు కాస్త ఆలస్యంగా తీరితే, ఊరివాళ్లు గేటు ముందు ఇంకొన్నాళ్లు నిలబడతారు, అంతే కదా. ఊరు ఎప్పుడూ నిలబడే ఉంటుంది.

మన చట్టం మాత్రం ఈ విషయంలో కొంచెం కరుకు. 1970 పేటెంట్ల చట్టం 46వ సెక్షన్ ఒక పేటెంటు ఒక ఆవిష్కరణకే అంటుంది. ఒక దరఖాస్తులో రెండు ఆవిష్కరణలుంటే 16వ సెక్షన్ కింద విడగొట్టుకోవచ్చు, మనం సర్వే నంబరును సబ్ డివిజన్ చేసినట్టు. చేశాక 2ఏలో ఉన్నది 2బీలో ఉండకూడదు. ఈ నీతి రెవెన్యూవారికి ముందు వచ్చిందా, పేటెంటువారికా అన్నది పరిశోధకులు తేల్చాలి.

అమెరికాలో సెలెక్ట్ అనే కంపెనీ కథ విన్నాక మా వాడి ముఖం వాడిపోయింది. వాళ్లవి ఫోన్లలో, చిన్న పరికరాల్లో పెట్టే ఇమేజ్ సెన్సర్ల పేటెంట్లు, ఒకే తల్లి దరఖాస్తు నుంచి పుట్టిన పిల్లలు. పేటెంటు ఆఫీసు పరిశీలనలో ఆలస్యం చేసినందుకు పరిహారంగా కొన్నిటికి అదనపు రోజులు దక్కాయి. అదనం లేకుంటే అన్నీ ఒకే రోజు ముగిసేవి. సామ్‌సంగ్ మీద కేసు వేశారు. సామ్‌సంగ్ వెళ్లి ఆఫీసునే మళ్లీ చూడమంది. చూస్తే నాలుగు పేటెంట్లు తమ తోడబుట్టినవాటికి చొక్కా మార్చిన రూపాలేనని తేలింది. 2023 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు అవి చెల్లవంది, ఆ మరుసటి ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ జోలికి వెళ్లనంది. బతికే దారి ఒకటుంది, దాన్ని టెర్మినల్ డిస్‌క్లెయిమర్ అంటారు. అన్న పోయిన రోజే నేనూ పోతాను, ఇద్దరం ఎప్పుడూ ఒకే యజమాని ఇంట్లో ఉంటాం అని తమ్ముడు రాసివ్వాలి. వాళ్లు రాసివ్వలేదు. అప్పటికే అన్నదమ్ములందరి గడువూ తీరిపోయింది, సంతకం పెట్టడానికి ఎవరూ మిగల్లేదు. గమనించండి, ఆలస్యం చేసింది ఆఫీసు. ఇలాంటి విషయాల్లో మనం అమెరికాకు తీసిపోలేదని గర్వంగా చెప్పుకోవచ్చు.

డ్రాఫ్టును ఎర్ర పెన్సిలుతో దిద్దాను. 'కాంతి దిశను మార్చు సాధనము' పక్కన 'అద్దం, లేదా పట్టకం' అని, పిక్సెల్ కనిపించిన ప్రతిచోటా 'ఏది?' అని, అంగుళం పక్కన '13.2 × 8.8' అని రాశాను. ఇరవై ఎనిమిది క్లెయిములున్నాయి. వ్యక్తులకు ఆన్‌లైన్లో రుసుము 1,600 రూపాయలు, అది పది క్లెయిములు, 30 పేజీల వరకే. ఆపైన క్లెయిముకు 320, పేజీకి 160. కూడితే పద్దెనిమిది క్లెయిములకు 5,760, పది పేజీలకు 1,600. సాగదీత ఖరీదు 7,360 అని చివర గీత గీసి రాశాను. స్టాంపు డ్యూటీ లెక్కలు వేసిన చెయ్యి ఊరుకోదు.

తరవాత వాడికి రెండు బిల్లులు ఇచ్చాను, ఒక్కొక్కటి వెయ్యి.

"మావయ్యా, పని ఒకటే కదా, రెండు బిల్లులేంటి?"

"మొదటిది డ్రాఫ్టు చదివినందుకు. రెండోది, సదరు డ్రాఫ్టును చదువుటకు అనువుగా అమర్చబడిన కనీసం ఒక కళ్లజోడును కలిగియున్నందుకు."

వాడు ఏమీ అనకుండా వెళ్లాడు. రాత్రి వాట్సాప్‌లో మెసేజి వచ్చింది. రెండు బిల్లులూ ఒప్పుకుంటున్నాడట, ఒక్కటే షరతు. మొదటి బిల్లు ఏ రోజు తీరితే రెండోది ఆ రోజే తీరిపోవాలి. నేను సరేనని బొటనవేలి బొమ్మ పెట్టాను. పెట్టాక వాడి రెండో మెసేజి చూశాను. మొదటి బిల్లు వాళ్లమ్మ, అంటే మా అక్క, పోయిన ఆదివారం పంపిన పండుమిరప పచ్చడి జాడీ కింద ఎప్పుడో తీరిపోయిందట.