అట్ట చాలా బాగుంది!

రచయితలకు మిత్రుల అండ కరువైందని కొందరు గగ్గోలు పెడుతున్నారు. శుద్ధ అబద్ధం. పుస్తకం అచ్చయిందని కబురు పెట్టి చూడండి. గంట తిరగకముందే పూలగుత్తుల బొమ్మలు, 'అద్భుతం' అనే ఏకపద సమీక్షలు వచ్చి పడతాయి. పుస్తకాల కట్టలు ఇంకా విప్పనే లేదన్న సంగతి వారికి అడ్డు రాదు. చదివి మెచ్చుకోవడం ముక్కూమొహం తెలియని పాఠకుడైనా చేస్తాడు. చదవకుండా మెచ్చుకోవాలంటే స్నేహం ఉండాలి.

ఆ తర్వాత, 'మరి నా కాపీ ఏదీ?' ఇక్కడ వెల ఎంతని అడిగిన మిత్రుణ్ని శంకించాలి. డబ్బు పెట్టి కొన్నవాడు గిట్టుబాటు కోసమైనా చదువుతాడు, చదివితే అభిప్రాయం పుడుతుంది. అందుకే సంతకం చేసి ఊరికే ఇచ్చేయడం ఉభయులకూ క్షేమం. ఆర్నెల్ల తర్వాత వాళ్లింటి అలమరలో అదే ప్రతిని తీసి చూడండి. సంతకం ఉన్న పుట ఒక్కటే తెరుచుకుంటుంది. తక్కిన పుటల అంచులు ఇంకా అతుక్కునే ఉంటాయి. 'తీరిగ్గా చదవాలని దాచుకున్నాను' అంటాడు. ఎంత అపురూపం!

ఆవిష్కరణ సభలో మిత్రుడైన వక్త 'సమయాభావం వల్ల పుస్తకం చూడలేకపోయాను' అని మొదలుపెట్టి ముప్పావు గంట మాట్లాడతాడు. చదివి ఉంటే అంతసేపు మాట్లాడగలిగేవాడా?

పాతకాలపు వాళ్లకు ఈ మర్యాదలు తెలియవు. 1849లో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ తన రాతప్రతిని బుయే, దు కాం అనే ఇద్దరు నేస్తాలకు చదివి వినిపించాడు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు రోజులు! అంతా విని, దాన్ని నిప్పుల్లో పడేసి మళ్లీ ఊసెత్తవద్దన్నారు. అక్కడితో ఆగారా? అతను మరో నవల మొదలుపెడితే, బుయే ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని వాక్యవాక్యమూ తరచి చూశాడు. 1856లో ఆ నవల ధారావాహికగా వెలువడింది, మరుసటి ఏడాది ప్రభుత్వం రచయితను కోర్టుకీడ్చింది. నిర్దోషిగా బయటపడ్డాడనుకోండి. అయినా, నేస్తాలు నిజం చెబితే వ్యవహారం ఎంతదాకా పోతుందో చూశారుగా.

ఇలాంటి బుయేలు ఇప్పటికీ అక్కడక్కడా తగులుతుంటారు. అట్ట సంగతి ఎత్తరు, అభినందనలు చెప్పరు. రాత్రి పదకొండింటికి ఫోను చేసి, 'మూడో అధ్యాయంలో పోయిన మామగారు ఏడో అధ్యాయంలో పెళ్లికి ఎలా వచ్చారు?' అని నిలదీస్తారు. వీరిని పొరపాటున కూడా సభకు పిలవకండి. వేదికెక్కి పుస్తకం గురించి మాట్లాడేస్తారు.